నీలిపళ్ళ జావ లేని ఏడు

మా వైపు స్కీ పందెం ముగించి వచ్చినవాళ్ళ పెదవులు నీలంగా లేకపోతేనే వింత. గీత దాటగానే వాళ్ళ చేతికి మొదట అందేది నా జావ మరి. వేసవిలో అడవిలో మోకాలెత్తు పొదల్లో కాసే నీలిపళ్ళు ఏరి తెచ్చి దాస్తాం. చలికాలం వచ్చాక వాటిని పంచదారతో ఉడికించి, బంగాళాదుంప పిండి కలిపి చిక్కబరిస్తే జావ తయారు. వేడివేడిగా ఒక గిన్నెడు తాగితే కడుపులో పొయ్యి వెలిగించినట్టుంటుంది. తాగినవాడి పెదవులు, నాలుక, పళ్ళు, గడ్డం ఉంటే గడ్డం కూడా నీలమే. పోలీసువాడైనా పాదిరీ అయినా ఒకటే రంగు. ఆ రంగు చూసి ఎవరూ ఏమీ అనుకోరు. అనుకోవలసింది ఉన్నా అనుకోరు. ఈ కథ అక్కడే మొదలవుతుంది.

నా పేరు హిల్యా. మా భాషలో ఆ పేరుకు నెమ్మదైనది, సద్దు చెయ్యనిది అని అర్థం. మా అమ్మానాన్నలు పేరు పెట్టడంలో తొందరపడ్డారు. జావ కాయడంలో నాకు తోడు పక్కింటి లేలి. నా ఈడుదే, మొగుడు పోయి చాలా కాలమైంది, ఎదురుగా ఉన్నదాన్ని దేన్నీ వెక్కిరించకుండా వదలదు. పెద్ద గిన్నె మోసేటప్పుడు ఒక చెవి తను పట్టుకుంటుంది, ఒక చెవి నేను. మా వేళ్ళ సందుల్లోంచి ఆ పళ్ళ రంగు ఈస్టరు దాకా వదలదు.

ఆ ఏడు మే నెలాఖరున పొదలు పూత మీదున్నప్పుడు మంచు కురిసింది. పూత మాడిపోయింది. వేసవంతా బుట్టలు పట్టుకుని తిరిగినా అడుగు కూడా నిండలేదు. కొట్లో గడ్డకట్టించిన పళ్ళు అమ్ముతారు, కొందామా అని అడిగితే లేలి ఒప్పుకోలేదు. మన అడవి ఇవ్వనిది ప్లాస్టిక్ సంచీలోంచి తీసి పోస్తే పందెంవాళ్ళు మన మొహాన ఊస్తారంది. చివరికి ఓట్స్ ఉడకబెట్టి, పాలు పోసి, ఉప్పేసి తెల్లజావ కాశాం. జనవరిలో ఊరి బడి వెనక ఆదివారం పందెం పెట్టినప్పుడు అదే పోశాం. అందరూ మొహం చిట్లించుకున్నవాళ్ళే. ఒకడైతే గిన్నెలోకి తొంగిచూసి, దీన్ని తాగాలా స్కీల అడుగున రాసుకోవాలా అని అడిగాడు.

నా మనవరాలు ఎనెలి ఆ రోజు కూడా ఆడపిల్లల్లో అందరికన్నా ముందొచ్చింది. మా అమ్మాయి కూతురు. పందొమ్మిదేళ్ళది. వాళ్ళమ్మ తార్తు పట్నంలో సిటీ బస్సు నడుపుతుంది. పిల్ల మాత్రం మంచు కోసమని ఇక్కడే మా దగ్గర పెరిగింది. గీత దాటి, చేతికర్రల మీద వాలి నిలబడింది. దాని చుట్టూ మిగతా పిల్లలు గుర్రాల్లా రొప్పుతున్నారు. ఇది మాత్రం ఎప్పటిలాగే చప్పుడు లేకుండా నోరు మూసుకుని ఉంది. నేను జావ గిన్నె పట్టుకుని దగ్గరికి వెళ్ళాను. దాని పెదవులు నీలంగా ఉన్నాయి.

నా వెనకనుంచి లేలి అంది: "ఏమే హిల్యా, నీ మనవరాలు పోయినేటి సీసా ఎక్కడో దాచుకుని దొంగతనంగా తాగినట్టుంది. దాని మూతి చూడు."

నేనూ నవ్వాను. నవ్వుతూనే చేతిలో ఉన్న గిన్నెలోకి చూశాను. జావ తెల్లగా ఉంది. పైగా ఇంకా దాని చేతికి ఇవ్వనేలేదు. తలకు కట్టుకున్న రుమాలు విప్పి, కొసను మంచులో అద్ది, దాని పెదవులు తుడిచాను. రుమాలుకు ఏమీ అంటలేదు. పెదవులు అలాగే ఉన్నాయి, నేరేడుపండు తిన్నట్టు. "ఏంటమ్మమ్మా, చిన్నపిల్లకి తుడిచినట్టు" అని విసుక్కుంది. చూస్తుండగానే ఆ నీలం పలచబడింది. లోపల్నుంచి ఎరుపు వచ్చింది. ఎనెలి జావ ఒక గుక్క తాగి, ఉప్పెక్కువైందని చెప్పి, స్నేహితురాళ్ళ దగ్గరికి వెళ్ళిపోయింది.

నేను మాత్రం రుమాలు పట్టుకుని అక్కడే నిలబడ్డాను. ఎందుకంటే పెదవులు మంచుతో తుడవడం నేను అంతకుముందు ఒకసారి చూశాను. తుడిపించుకున్నది మా ఆయన.

అప్పుడు నాకు ఇరవై ఏళ్ళు. మా అమ్మ వెనక నిలబడి జావ పోసేదాన్ని. ఆర్వెద్ అప్పటికి నా మొగుడు కాదు, పొరుగూరి పొడుగాటి కుర్రాడు. కొండ ఎక్కేటప్పుడు వాడి వెనక ఉన్నవాళ్ళకు వీపు తప్ప ఇంకేమీ కనబడేది కాదు. ఆ పందేనికి పెద్ద జట్టులోకి కుర్రాళ్ళను ఏరుకోవడానికి ఒక డాక్టరును వెంటబెట్టుకుని వచ్చారు. ఆర్వెద్ మొదట వచ్చాడు, నా చేతి జావ తాగాడు, అప్పుడు ఆ డాక్టరు వాడి మొహం చూసి దగ్గరికి పిలిచాడు. ఇది నా జావ రంగండీ అని నేను అడ్డం పడ్డాను. ఆయన ఒక గుడ్డను మంచులో తడిపి వాడి పెదవులు గట్టిగా తుడిచాడు. గుడ్డ నీలమైంది. పెదవులూ నీలంగానే ఉన్నాయి. ఎదురొమ్ముకు చెవి ఆనించి విన్నాడు. గుండె మంచిది కాదన్నాడు. పందేలు వద్దు, పరుగు వద్దు, వీలైతే కొండలు కూడా వద్దన్నాడు.

ఆర్వెద్ ఎదురు చెప్పలేదు. మా మగవాళ్ళు చెప్పరు. స్కీలు తీసుకెళ్ళి ఆవిరిగది ముందరి వసారాలో దూలం మీద పెట్టాడు. అవి ఇప్పటికీ అక్కడే ఉన్నాయి, ఏటా నేనే బూజు దులుపుతాను. గుండె మంచిది కాని ఆ మనిషి ఇన్నేళ్ళూ కట్టెలు కొట్టాడు, గడ్డి కోశాడు, ఇల్లు కట్టాడు. కానీ ప్రతి పనిలోనూ మధ్యలో ఆగి, తల పక్కకు వంచి, తన లోపల ఏమవుతోందో వినేవాడు. ఒక్కసారి కూడా పరుగెత్తి బస్సు పట్టుకోలేదు. డ్రైవర్లందరికీ తెలుసు, వాళ్ళే ఆగేవాళ్ళు.

ఎనెలికి స్కీలు నేర్పింది ఆయనే. తను కదలకుండా దారి పక్కన నిలబడి నేర్పాడు. మోకాలు ఎంత వంచాలి, కర్ర ఎక్కడ గుచ్చాలి అన్నీ చెప్పేవాడు గానీ, అన్నిటికన్నా గట్టిగా నేర్పింది ఊపిరి. నోరు మూసుకో, ముక్కుతో తీసుకో, పక్కవాడికి నీ ఊపిరి వినబడకూడదు అనేవాడు. చల్లగాలి రొమ్ముకు పడదని కాబోలు అనుకున్నాను. అదీగాక మాలో నలుగురి ముందూ రొప్పడం కాస్త సిగ్గుపడే సంగతే. అందుకని నేనెప్పుడూ ఎందుకని అడగలేదు. అన్నీ అడిగే నేను అదొక్కటే అడగలేదు.

ఆ ఆదివారం భోజనాల దగ్గర నేను ఏదీ కడుపులో దాచుకోలేక చెప్పేశాను. ఉడికించిన బంగాళాదుంపలు, పులియబెట్టిన క్యాబేజీ, పుల్లని మీగడ బల్ల మీద ఉన్నాయి. ఆర్వెద్ ఫోర్కు కింద పెట్టాడు.

"ఇక చాలు. నీ స్కీలు కూడా పైన పెట్టు" అన్నాడు.

ఎనెలి నవ్వుతుందేమో అనుకున్నాను. నవ్వలేదు. వచ్చే నెలలో పెద్ద పందెం ఉంది. దేశం జట్టులోకి పిల్లల్ని అందులోంచే తీసుకుంటారు. దాని కోసం అది చిన్నప్పటినుంచీ మంచు లేని నెలల్లో కూడా వానలో చక్రాల స్కీల మీద రోడ్లు తిరిగింది.

"నీకేమైంది తాతయ్యా? ఇంత వయసొచ్చింది, పొద్దున్నే కట్టెలు కొట్టావు."

"ఆగిపోబట్టి బతికాను."

"ఆగకపోయినా బతికేవాడివేమో. ఎవరు చూశారు?"

ఆయన లేచి బయటికి వెళ్ళిపోయాడు. నా మనసులో మాత్రం ఆ మాట పెరట్లోకి వచ్చిన కొత్త కుక్కలా అక్కడే తిరగడం మొదలుపెట్టింది. నిజమే, ఎవరు చూశారు? భయం లేదని చెప్పను. రాత్రి దాని గదిలోకి వెళ్ళి ఊపిరి తీస్తోందో లేదో చూసి వచ్చినదాన్ని. కానీ తాతకూ మనవరాలికీ ఒకే రంగు ఎలా వచ్చింది? నీలమైన పెదవులు ఒక్క నిమిషంలో మళ్ళీ ఎర్రగా ఎలా అయ్యాయి? జబ్బు పడ్డ మనిషి అందరికన్నా ముందు ఎలా వస్తుంది? ఉడుకుతున్న కుండ మీద మూత తియ్యకుండా నేనెప్పుడూ ఉండలేదు.

మర్నాడు కోచ్ రైవోకు ఫోను చేశాను. వాడు మా ఊరివాడే, ముక్కు కారుతున్నప్పటినుంచీ తెలుసు. విషయం చెప్పగానే వాడి గొంతు మారింది. డాక్టరు మాట లేకుండా తను ఎనెలిని పెద్ద పందెంలో నిలబెట్టలేనన్నాడు. తార్తులో ఆటగాళ్ళను పరీక్ష చేసే డాక్టరమ్మ ఉంది, ఆవిడ సరేనంటే సరే, కాదంటే ఇక అంతే అన్నాడు. అంటే పిల్ల ఇన్నేళ్ళ కష్టమంతా ఆ ఒక్క మాట మీద నిలబడింది.

ఆర్వెద్ మాతో రానన్నాడు. మమ్మల్ని బస్సు దగ్గర దింపి, ఎనెలి జేబులో ఒక ఆపిల్ పెట్టి, అటు తిరిగి నిలబడ్డాడు.

డాక్టరు పేరు సీరి. జుట్టు కురచగా కత్తిరించుకున్న మనిషి, కాళ్ళకు చెప్పుల్లేకుండా ఉన్ని మేజోళ్ళతో తిరుగుతోంది. ఆ మేజోళ్ళు చూసి నాకు ధైర్యం వచ్చింది. ముందు ఎనెలిని పడుకోబెట్టి, ఎదురొమ్ముకు జిగురు రాసి, చిన్న టీవీలాంటిదానిలో గుండె చూపించింది. మా పిల్ల గుండె అలా చూడటం నాకు అదే మొదటిసారి. నీళ్ళలో చేప మొప్పల్లా తెరుచుకుంటూ మూసుకుంటూ ఉంది. కవాటాలు బాగున్నాయి, గోడలు బాగున్నాయి, కాకపోతే గుండె పెద్దదంది. నేను కుర్చీలోంచి లేచి నిలబడ్డాను.

"కూర్చోండి అమ్మమ్మగారూ. జబ్బుతో పెద్దదవలేదు, పనితో పెద్దదయింది. కట్టెలు కొట్టేవాడి చెయ్యి చూడలేదా మీరు?"

తర్వాత గొట్టంలోకి ఊదమంది. ఊపిరితిత్తులు కూడా బాగున్నాయి, ఉబ్బసం లాంటిది ఏదీ లేదంది. అప్పుడు పిల్లను వెడల్పాటి ట్రెడ్‌మిల్ మీదికి ఎక్కించారు. కాళ్ళకు చక్రాల స్కీలు, మొహానికి మాస్కు, పడిపోకుండా నడుముకు పట్టీ. చెవి తమ్మెకు బట్టలారేసే క్లిప్పులాంటిది పెట్టారు. కరోనా రోజుల్లో ఇంటింటా వేలికి పెట్టి చూసుకున్నదే, మరి ఇక్కడ వేలికెందుకు పెట్టలేదని అడిగాను. కర్ర బిగించి పట్టుకుంటే వేలిలో రక్తం సరిగ్గా ఆడదు, వేలు తప్పుడు లెక్క చెబుతుంది, చెవి నిజం చెబుతుందని చెప్పింది. ఆ చక్రం ఏమిటి, ఈ తీగ ఎక్కడికి పోతుంది అని నేను ఇంకా అడుగుతూనే ఉన్నాను.

"అమ్మమ్మా, నీ నోటికి కూడా ఒక మాస్కు అడగనా?" అంది ఎనెలి, మాస్కు లోపల్నుంచి.

అడగనీ, నాకు ప్రశ్నలడిగేవాళ్ళంటే ఇష్టం అంది డాక్టరమ్మ. నాకు ఆవిడ మీద అప్పుడే గురి కుదిరింది.

ట్రెడ్‌మిల్ పట్టా కదిలింది. నిలబడి ఉన్నప్పుడు రక్తంలో ఆక్సిజన్ తొంభై ఎనిమిది. మెల్లగా నడిచినంతసేపూ అది కదల్లేదు. పట్టాను కొండలా పైకి లేపారు, వేగం పెంచారు. తొంభై నాలుగు. ఇంకా పెంచారు. తొంభై ఒకటి. నేను కుర్చీ చెయ్యి పట్టుకున్నాను. ఎనెలి మెడ మీద నరాలు లేచాయి, చెమట కారుతోంది, కాళ్ళు మాత్రం అదే లయలో తోస్తున్నాయి. అంకె ఎనభైల్లోకి దిగింది. కరోనా అప్పుడు లేలి వాళ్ళన్నకు ఆ అంకె కనబడగానే అంబులెన్సు పిలిచాం. ఇక్కడ ఎవరూ ఎవరినీ పిలవడం లేదు. డాక్టరమ్మ తెర వైపు కాదు, పిల్ల వైపు వంగి, చెవి దగ్గరగా పెట్టి వింటోంది. ఎనభై ఏడు దగ్గర ఎనెలి చెయ్యెత్తింది. పట్టా ఆగింది. అంకె కుంటుకుంటూ మళ్ళీ పైకెక్కింది. మాస్కు తీస్తే పెదవులు నీలం. చూస్తుండగానే ఎరుపు.

ఊపిరితిత్తులు చాలకనే ఇలా అవుతోందా అని అడిగాను.

చాలకపోవడమేమీ లేదు, అవి మామూలువే, నాకూ మీకూ ఉన్నలాంటివే అంది. మామూలుది కానిది గుండె. ఏళ్ళ తరబడి కష్టపడితే గుండె పెరుగుతుంది, కండ పెరుగుతుంది, ఊపిరితిత్తులు మాత్రం పెద్దగా పెరగవు, పుట్టుకతో వచ్చినవాటితోనే సర్దుకోవాలి. నాకు సగమే అర్థమైంది. ఆ సంగతి మొహంలో కనబడిందేమో, మీరు పందెంలో ఏం చేస్తారమ్మా అని అడిగింది. జావ పోస్తానన్నాను.

"మరి మెల్లగా వచ్చేవాళ్ళు మీ బల్ల ముందు నుంచి ఎలా వెళ్తారు?"

"నిలబడి, గిన్నె అందుకుని, ఇంకొంచెం పొయ్యమని, నన్ను రెండు మాటలు అని పోతారు."

"అందరికన్నా ముందున్నవాళ్ళు?"

"వాళ్ళకి ఆగే తీరికేది? చెయ్యి చాస్తారు. దొరికితే దొరికినట్టు. సగం మంచు మీద పడుతుంది. కొందరు ఉత్తచేతుల్తోనే పోతారు."

"మీ దగ్గర జావ లేకనా?"

"గిన్నె నిండా ఉంటుంది."

"ఊపిరితిత్తులు మీ బల్ల, ఆక్సిజన్ మీ జావ. రక్తం ఆ పందెంవాళ్ళు. ఈ పిల్ల గుండె ఎంత జోరుగా తోస్తుందంటే, రక్తం బల్ల దగ్గర ఆగి గిన్నె అందుకునే తీరిక లేకుండా దాటిపోతుంది. కొంత ఉత్తచేతుల్తో పోతుంది. అందుకే ఆ నీలం. బలహీనులకు ఇది రాదు అమ్మమ్మగారూ, వాళ్ళ రక్తం నింపాదిగా నడుస్తుంది."

నేను జావ పోసే ఆ బల్ల నా మనవరాలి రొమ్ములో కూడా ఉందని ఎన్నడైనా అనుకున్నానా? ఇలా అందరు ఆటగాళ్ళకూ అవుతుందా అని అడిగాను. అవదంది. కొందరికి అవుతుంది, అంతే బలం ఉన్న పక్కవాడికి అవదు. ఎందుకో తమకూ పూర్తిగా తెలియదని, అందుకే ఇంకా వెతుకుతున్నామని చెప్పింది. తెలియదని ఒప్పుకున్న డాక్టరును అంతకుముందు నేను చూడలేదు.

"ఇంకొకటి ఉంది" అంటూ ఎనెలి వైపు తిరిగింది. "అంత కష్టపడుతూ కూడా నీ ఊపిరి వినబడలేదు. ఆ దశలో అందరూ కొలిమితిత్తుల్లా రొప్పుతారు. నువ్వు గాలి తక్కువ తీసుకుంటున్నావు. అసలే రక్తం పరుగు మీదుంది, ఆ పైన నువ్వు జావ కూడా పలచగా పోస్తున్నావు. ఇలా ఎవరు నేర్పారు?"

"మా తాతయ్య" అంది ఎనెలి.

అప్పుడు నేను ఆర్వెద్ కథంతా చెప్పాను. గుడ్డ, మంచు, ఎదురొమ్ముకు ఆనించిన చెవి, దూలం మీది స్కీలు. ఆవిడ చివరిదాకా విన్నది. ఎప్పటివో పెదవుల గురించి మనిషిని చూడకుండా నేనేమీ చెప్పలేనంది. ఇదే కావచ్చు, నిజంగానే గుండెలో ఏదైనా ఉండొచ్చు. కొలిచే సాధనం చేతిలో లేనప్పుడు నీలం కనబడితే ఎవరైనా భయపడతారంది. ఆయన్ని తీసుకురండి, చూస్తానంది.

ఎనెలి పందెంలో దిగొచ్చని రైవోకు తనే ఫోనులో చెప్పింది. షరతులు రెండే. కొండ ఎక్కేటప్పుడు నోరు తెరిచి, సిగ్గు లేకుండా, గట్టిగా ఊపిరి తీసుకోవాలి. తల తిరిగినా, ఆగాక కూడా పెదవుల రంగు తిరిగి రాకపోయినా ఆపేసి వెంటనే రావాలి. బస్సులో ఎనెలి తాతయ్య పెట్టిన ఆపిల్ తిని, నా భుజం మీద తల పెట్టి నిద్రపోయింది. నోరు మూసుకునే నిద్రపోయింది.

మేము ఇంటికి వచ్చేసరికి ఆర్వెద్ ఆవిరిగదిలో ఉన్నాడు. శనివారం మాకు ఆవిరిస్నానం రోజు కదా. నేను వసారాలో, ఆ పాత స్కీల కింద బల్ల మీద కూర్చుని, తలుపు ఇవతలనుంచే అంతా చెప్పాను. లోపల కాలిన రాళ్ళ మీద నీళ్ళు పోసిన చప్పుడు, ఒళ్ళు వేడెక్కేందుకు భూర్జ చెట్టు కొమ్మల కట్టతో వీపు మీద కొట్టుకుంటున్న చప్పుడు వినబడుతూనే ఉన్నాయి. గుండె బాగుందన్నప్పుడు ఒకసారి నీళ్ళు పోశాడు. జావ బల్ల సంగతి చెప్పినప్పుడు ఒకసారి. చప్పుడు చెయ్యకుండా ఊపిరి తీసుకోవడం ఎవరు నేర్పారని అడిగిందని చెప్పాక, చప్పుళ్ళన్నీ ఆగిపోయాయి.

"వినబడితే దాన్నీ తీసేస్తారని నేర్పాను" అన్నాడు లోపల్నుంచి.

అంతే అన్నాడు. ఎన్నో ఏళ్ళుగా చల్లగాలికి అనుకున్నది చల్లగాలికి కాదు. తనను పట్టుకున్నట్టు ఏ డాక్టరూ మనవరాల్ని పట్టుకోకూడదని, పిల్లకు ఊపిరి దాచుకోవడం నేర్పాడు. నేను లేచి, ఆయన కోసం తెచ్చిన తువ్వాలు తలుపు మీద వేసి, ఇంట్లోకి వచ్చేశాను.

గట్టిగా ఊపిరి తీసుకోవడం నేర్చుకోవడం అంత తేలికేం కాదు. ఎనెలి మా ఇంటి వెనక మిట్ట మీద రోజూ ప్రయత్నించేది. మొదట్లో ఎవరైనా వస్తున్నారేమోనని చుట్టూ చూసుకుని, చుట్టాలింట్లో తుమ్మినట్టు చిన్నగా ఒకసారి హా అనేది. లేలి కంచె మీద మోచేతులు పెట్టి చూసి, మా ఆవు దూడను వేసేటప్పుడు ఇంతకన్నా బాగా రొప్పుతుంది, కావాలంటే పంపిస్తాను నేర్పుతుంది అంది. పిల్ల నవ్వింది. నవ్వితే నోరు తెరుచుకుంది. నోరు తెరుచుకుంటే ఊపిరి వచ్చింది. లేలి వెక్కిరింతలు ఆ మాత్రం పనికొచ్చాయి.

ఆర్వెద్ ఆ సమయానికి కట్టెల కొట్టంలోకి వెళ్ళిపోయేవాడు. ఒకరోజు నేను కిటికీలోంచి చూస్తే గొడ్డలి దుంగలో దిగి ఉంది, మనిషి లేడు. మిట్ట దగ్గర, పాతరోజుల్లో నిలబడేచోటే నిలబడి ఉన్నాడు. ఎనెలి పైకెక్కి ఆయన ముందునుంచి దాటింది.

"నాకింకా వినబడట్లేదు" అన్నాడు.

అది మళ్ళీ కిందికి జారి, మళ్ళీ ఎక్కింది.

పెద్ద పందెం రోజున చలి ఎముకల్లోకి దిగింది. దారి మా ఊరి దగ్గర ఎలుగు గుట్ట మీదుగా పోతుంది. అంత పొడుగాటి ఎక్కుడు ఆ దారిలో ఇంకోటి లేదు. గుట్ట పైన మా జావ బల్ల. ఆ ఏడు అక్కడా తెల్లజావే. ఆర్వెద్ ఏ పందేనికీ రాడు, పెళ్ళయినప్పటినుంచీ ఆ రోజున ఏదో ఒక పని పెట్టుకుని ఇంట్లోనే ఉండిపోతాడు. ఆ పొద్దున మాత్రం జావ గిన్నెల బండి తనే లాగుతానన్నాడు. గుట్ట ఎక్కేటప్పుడు అలవాటు ప్రకారం ఆగాగి విన్నాడు. పైకొచ్చాక బండి మీద, మా వెనగ్గా, ఎవరికీ కనబడకుండా కూర్చున్నాడు.

ముందు మగవాళ్ళు పోయారు. వాళ్ళలో సగం మంది గిన్నెలు మంచు మీద బోర్లాపడ్డాయి. పూర్వం నేను జావ నష్టమైందని బాధపడేదాన్ని. ఆ రోజు మాత్రం పడిన ప్రతి గిన్నెనూ ఆశగా చూశాను, వీడి గుండె ఎంత పెద్దదో అని.

తర్వాత కొంతసేపు చెట్ల మధ్య ఏమీ వినబడలేదు. ఆ తర్వాత వినబడింది. తడి కట్టె మీద రంపం లాగుతున్నట్టు, ఇటూ అటూ, ఇటూ అటూ. మనిషి ఇంకా వంపు తిరగలేదు, ఊపిరి ముందు వచ్చింది.

"రైలు వేశారా ఏమే మనూరికి?" అంది లేలి.

ఆర్వెద్ బండి మీంచి లేచాడు.

ఎనెలి వంపు తిరిగింది. ముందు ఒకమ్మాయి, దాని వెనక ఇంకొకమ్మాయి, ఆ వెనక మా పిల్ల. నోరు బార్లా తెరిచి ఉంది, ముక్కు కింద మంచు గడ్డకట్టింది, చూడటానికి ఏమీ అందంగా లేదు. పెదవులు కాస్త నీలంగా ఉన్నాయి, జనవరి ఆదివారం నాటంత కాదు. నేను గిన్నె చాచాను. అది అందుకుంది, ఒక గుక్క నోట్లో పడింది, మిగతాది నా చేతి మీద పడింది. అది బల్ల దాటిపోయింది.

అప్పుడు మా ఆయన నన్ను తోసుకుని ముందుకొచ్చాడు. దారి పక్కన, తొక్కని మంచులో, మోకాళ్ళ దాకా దిగబడుతూ దాని వెంట పరుగెత్తాడు. ఆర్వెద్ పరుగెత్తడం నా ఇరవయ్యో ఏట చూసిందే, మళ్ళీ ఇప్పుడే చూడటం. "గట్టిగా! ఇంకా గట్టిగా తీసుకో!" అని అరుస్తున్నాడు. చుట్టూ ఉన్నవాళ్ళందరూ తిరిగి చూశారు. ఎనెలి తల తిప్పలేదు గానీ, ఊపిరి చప్పుడు పెరిగింది. పల్లంలోకి దిగి కనబడకుండా పోయేదాకా అది వినబడుతూనే ఉంది. ఆ రోజు అది మూడోదిగా వచ్చింది. జట్టులోకి తీసుకున్నారు. గీత దాటాక పెదవుల రంగు ఎప్పటిలాగే తిరిగి వచ్చిందని రైవో ఫోను చేసి, ఆ మాటే ముందు చెప్పాడు.

అదంతా తర్వాతి సంగతి. అక్కడ గుట్ట మీద ఆర్వెద్ పరుగు ఆపి, చేతులు మోకాళ్ళ మీద పెట్టుకుని వంగి నిలబడ్డాడు. లేలి గరిటె వదిలేసి ముందు పరుగెత్తింది, వెనక నేను. ఆయన రొప్పుతున్నాడు. దాచుకోవడం లేదు, నలుగురూ వింటుండగా, గొంతు పగిలేటట్టు రొప్పుతున్నాడు. నేను వంగి ఆయన పెదవుల వైపు చూశాను. మీసాల నిండా మంచు, ఏ రంగో ఏమీ తెలియలేదు. రుమాలు తీశాను. ఆయన నా చెయ్యి పట్టుకుని ఆపాడు.

ఊపిరి కాస్త నిలదొక్కుకున్నాక, అటు పల్లం వైపే చూస్తూ అడిగాడు.

"హిల్యా, ఆ క్లిప్పు చెవికి పెడితే నొప్పెడుతుందా?"